రేవు సీటుకి ఒక సాక్షి

వలల వీధి,
ఎండలు ముదిరిన రోజులు.

తమ్ముడికి అక్క ఆశీస్సులు.

ఫోనుండగా ఈ ఉత్తరం ఏమిటా అనుకుంటావు. ఫోనులో నువ్వు "ఆ... ఆ... సరేలే అక్కా" అంటూ జారుకుంటావు. కాగితం మీద ఆ పప్పులుడకవు. నేను చెబుతున్నాను, కోడలు రాస్తోంది. చెప్పింది చెప్పినట్టు రాయమన్నాను. నా మాటలకి ఇస్త్రీ చేసిందంటే మళ్ళీ చదివించుకుని పట్టేస్తానని కూడా చెప్పాను. "అదీ రాయనా అత్తయ్యా?" అంటోంది. రాయమన్నాను.

సంగతి ఏమిటంటే, మన సీటుని కోసేస్తున్నారు. పార్లమెంటు సీట్ల సరిహద్దులు కొత్తగా గీస్తున్నారట. పెద్దాఫీసు గోడకి మ్యాపు అంటించారు. నాకు అక్షరాలు రావు గాని నీలం రంగు ఎటుందో చూస్తే ఒడ్డు ఎక్కడో తెలుస్తుంది. మన రేవులో సముద్రంలోకి కట్టిన రాతి కట్ట ఉంది చూడు, దాని దగ్గర మొదలుపెట్టి లోపలికి ఎర్ర గీత లాగారు. కట్టకి ఈ పక్కనున్న మన వీధులన్నీ మెట్ట ఊళ్ళ సీటులోకి పోతాయి. ఆ పక్కనున్న పెద్ద రేవు పట్నం సీటులోకి పోతుంది. రేవు సీటు అనేదే ఇక ఉండదు.

నా కూతురు కట్టకి అవతల కాపురముంటోంది. ఇక దాని సభ్యుడు వేరు, నా సభ్యుడు వేరు. ఒకే పడవలో వేటకి వెళ్ళిన అన్నదమ్ములు ఒడ్డుకి రాగానే ఒకడు ఇటు, ఒకడు అటు. పట్నం సీటులో వాళ్ళు గుప్పెడు మంది, మెట్ట సీటులో మేము గుప్పెడు మంది. గుప్పెడు మందిని ఎవడు లెక్కచేస్తాడు?

మేం ఆడవాళ్ళం కొందరం ఆఫీసుకి వెళ్ళాం. అక్కడి గుమాస్తా మంచివాడే, కుర్చీ వేశాడు. "అమ్మా, వానలు పడ్డాక విచారణ జరుగుతుంది. అభ్యంతరం ఎవరైనా చెప్పుకోవచ్చు. కాకపోతే ఈ ఒడ్డంతా మొదటి నుంచీ ఒకటేనని చెప్పగలిగే మనిషి కావాలి. ఇక్కడ సభ్యుడిగా పనిచేసినవాళ్ళు వస్తే ఆ మాటకి విలువుంటుంది" అన్నాడు. ఈ మధ్య గెలిచినవాళ్ళంతా పట్నం మనుషులు, వాళ్ళకి ఈ గీత లాభమే. పాతవాళ్ళలో ఉప్పు కొటారు యజమాని లేడు, ప్లీడరు గారు లేరు. లారీల ఆయన మంచం మీద ఉన్నాడు, సొంత పెళ్ళాన్నే గుర్తుపట్టడం లేదట. మిగిలింది నువ్వు.

మొదటి ఎన్నిక నీకు గుర్తుందా? నాకింకా ఓటు రాలేదు, నువ్వు నాన్న భుజం మీదున్నావు. ఒక్కొక్క అభ్యర్థికీ ఒక్కొక్క ఇనప పెట్టె, దాని మీద వాడి బొమ్మ. తెర వెనక్కి వెళ్ళి నచ్చినవాడి పెట్టెలో చీటీ వెయ్యాలి. మనవాళ్ళు లోపలికి వెళ్ళి ఏం చేశారు? చేపల బుట్టని ఎత్తి చూసినట్టు పెట్టెల్ని ఒక్కొక్కటే ఎత్తి చూశారు. బరువున్న బుట్టలోనే కదా సరుకుండేది. ఉప్పు కొటారు యజమాని పెట్టె బరువుగా తగిలింది, అందరూ అందులోనే వేసి వచ్చారు. తరువాత తెలిసింది, ఆ పెట్టె ఇనుము మందమట. మన మొదటి సభ్యుణ్ణి ఇనుము చూసి గెలిపించాం. నాన్న ఒక్కడే అన్నిటికన్నా తేలికైన పెట్టెలో వేసి వచ్చాడు, పాపం వాడికెవరూ వెయ్యలేదని.

ఇవన్నీ తెలిసినవాడివి, రెండుసార్లు గెలిచినవాడివి. వచ్చి నిలబడి చెప్పు. ఎప్పుడొస్తావో రాయి.

అక్క.

*

కూతురి ఇల్లు, మూడో అంతస్తు,
వేసవి.

అక్కకి నమస్కారాలు.

ఉత్తరం అందింది. కోడలి చేతిరాత ముత్యాల్లా ఉంది. మాటలు మాత్రం అచ్చంగా నీవే, చదువుతుంటే పక్కన నిలబడి కేకలేసినట్టే ఉంది. "ఏమిటి నాన్నా, ఒక్కడివే నవ్వుకుంటున్నావు?" అని అమ్మాయి వంటింట్లోంచి వచ్చి అడిగింది.

పెట్టెల కథలో ఒక ముక్క నువ్వు మరిచిపోయావు. ఆ తేలిక పెట్టె గొడుగులు బాగుచేసే ఆయనది. నాన్న ఓటు తనకే పడిందని ఆయనకి ఎవరు చెప్పారో గాని, ఆ తరువాత నాన్న ఎప్పుడు కనిపించినా లేచి నిలబడేవాడు. మన ఇంటి గొడుగు ఆయన ఉన్నంతకాలం చిరగలేదు, చిరిగినా మనకి తెలిసేలోపే బాగుపడేది.

రెండో ఎన్నిక సంగతి నాకు బాగా గుర్తు. ప్లీడరు గారు ఒడ్డున సభ పెట్టారు. ఆయనకి పట్నం సభలే అలవాటు, గాలి ఎటు వీస్తోందో చూసుకోలేదు. సముద్రానికి ఎదురుగా నిలబడి మాట్లాడితే ఒక్క ముక్క కూడా మనవాళ్ళకి చేరలేదు, మాటలన్నీ వెనకనున్న జీళ్ళ బండివాడికి వినపడ్డాయి. ఆయన నోరు మూసినప్పుడల్లా మనవాళ్ళు చప్పట్లు కొట్టారు. మన రేవు మనుషులు ఇంత మర్యాదస్తులని ఆయన తరువాత పార్లమెంటులో కూడా చెప్పారట. ఐస్ ఫ్యాక్టరీలో పనిచేసే రోజుల్లో మేం సాయంత్రం పూట ఆయన సభని నటించి చూపిస్తే, మంచు దిమ్మల మీద కూర్చుని అందరూ పడీపడీ నవ్వేవాళ్ళు.

విచారణ సంగతికి వస్తే, అక్కా, గీతలు ఇలా వస్తుంటాయి, పోతుంటాయి. నేను సభలో ఉన్నప్పుడు కూడా ఒకసారి గీశారు, ఎవరూ గమనించనే లేదు. పేరు మారినంత మాత్రాన సముద్రం మారదు కదా. పైగా నా మోకాళ్ళు ఇప్పుడు నా మాట వినడం లేదు. దూర ప్రయాణాలు వద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఎవరైనా కుర్ర లాయరుని పెట్టుకోండి, బాగా మాట్లాడతారు. కావాలంటే నాలుగు ముక్కలు రాసి పంపిస్తాను, చదివించుకోండి.

ఆరోగ్యం జాగ్రత్త. కోడలికి నా దీవెనలు.

తమ్ముడు.

*

వలల వీధి,
మబ్బులు పట్టిన రోజులు.

తమ్ముడికి.

నీ మోకాళ్ళ సంగతి నీ కూతురు మా కోడలికి చెప్పింది. రోజూ పొద్దున్నే పార్కుకి నడిచి వెళ్తావట. అక్కడ నీ ఈడు వాళ్ళతో బెంచీ మీద కూర్చుని మంత్రివర్గాల్ని కూల్చి మళ్ళీ నిలబెట్టి, ఎండ ఎక్కాక ఇంటికి వస్తావట. మంత్రివర్గాలు కూల్చడానికి పనికొచ్చిన మోకాళ్ళు మా దగ్గరికి వచ్చేసరికి నొప్పి పెడతాయా? నాతో ఆడకు. నీకు నడక నేర్పిందాన్ని నేను.

(అత్తకి చెప్పవద్దని మీ అమ్మాయి ఒట్టు వేయించుకుంది, మావయ్యగారూ. అత్తయ్య నా మొహం చూసి లాగేశారు. కోడలు.)

అది ఏదో రాస్తోంది, ఏమిటని అడిగితే చుక్క పెట్టానంటోంది. ఇంత పొడుగు చుక్క నేనెక్కడా చూడలేదు.

నాలుగు ముక్కలు రాసి పంపిస్తానన్నావు. నీ ముక్కలు నాకెందుకు? అధికారి అడిగితే కాగితం జవాబు చెబుతుందా?

నువ్వు మొదటిసారి నిలబడ్డ రోజులు మరిచిపోయావేమో, నేను చెబుతాను. నీ గుర్తు నిచ్చెన. గోడల మీద రాయించడానికి రంగు లేదు, జీపు లేదు. మేం చీపురు పుల్లలతో బుల్లి నిచ్చెనలు కట్టి బుట్టల అంచుకి గుచ్చుకున్నాం. మెట్ట ఊళ్ళలో మాకు ఎవరి వీధి వాళ్ళదే. ఒకరి వీధిలో ఇంకొకరు బుట్ట దించడానికి లేదు, అది మా అమ్మల నాటి కట్టుబాటు. ఎవరి వీధిలో వాళ్ళం చేపలు తూస్తూ నీ మాట చెప్పాం. "ఏమే, నిచ్చెన వేసుకుని ఎక్కడికి ఎక్కుతారు?" అని ఒకావిడ వెక్కిరించింది. "మా తమ్ముణ్ణి ఎక్కిస్తాం, పైనుంచి మీ చేను కూడా కనిపిస్తుంది వాడికి" అన్నాను. ఆవిడ ఇంటిల్లిపాదీ నీకే వేశారు. జ్వరంతోనో, పురుడు వచ్చో ఇంట్లో ఉండిపోయినవాళ్ళ వీధుల్లోకి కూడా వెళ్ళాం. బుట్ట బయటే దించి, ఖాళీ చేతులతో వెళ్ళి ఓటు మాత్రం అడిగి వచ్చాం. సరుకు అమ్మలేదు. నీ కోసం కట్టుబాటుకి అంత దగ్గరగా వెళ్ళాం, దాటలేదు.

అందుకే మెట్ట వాళ్ళు నాకు పరాయివాళ్ళు కారు. వాళ్ళతో ఒక సీటులో ఉండమంటే ఉంటాను. ఒక ఒడ్డుని రెండు సీట్లుగా చీలుస్తామంటే మాత్రం ఊరుకోను.

గెలిచిన రోజు నిన్ను ఐస్ ఫ్యాక్టరీ తోపుడు బండి మీద కూర్చోబెట్టి వీధులన్నీ తిప్పారు. మంచు కరిగి నీ పంచె వెనకంతా తడిసిపోయింది. "సభ్యుడు గారు భయపడ్డారు" అని మీ బావ అందరికీ చెప్పి నవ్వించారు. అదే బావ పోయినప్పుడు నువ్వు శ్మశానానికి వచ్చి, కారు దగ్గరే నిలబడి, వీధిలోకి రాకుండానే వెళ్ళిపోయావు. ఓడిపోయిన నాటి నుంచి ఈ వీధిలో నీ అడుగు పడలేదు. పనుల మీద ఉన్నాడని అందరికీ చెబుతూ వచ్చాను. ఇప్పుడు నాకు చెప్పు. మోకాళ్ళు కాదు, డాక్టరు కాదు. ఎందుకు రావు?

జవాబు రాసేదాకా నీకు అక్కని కాను.

*

కూతురి ఇల్లు,
మొదటి వాన పడిన రోజు.

అక్కా,

అడిగావు కాబట్టి చెబుతాను. మీ మరదలు బతికి ఉండగా ఆమెకి కూడా చెప్పలేదు.

మూడోసారి నిలబడ్డప్పుడు ఓట్ల లెక్కింపు హాల్లో నేను ఉన్నాను. ఆ రోజుల్లో ఏ పోలింగు కేంద్రం పెట్టెలు ఆ కేంద్రం లెక్కే, ఒకదానితో ఒకటి కలిపేవారు కాదు. పొద్దున్న పట్నం పెట్టెలు తెరిచారు, వెనకబడ్డాను. మధ్యాహ్నం మెట్ట పెట్టెలు, సమంగా వచ్చాయి. లారీల ఆయన మొహం మాడిపోయింది. నేను మాత్రం కుర్చీలో వెనక్కి వాలి టీ తాగుతున్నాను, ఒడ్డు పెట్టెలు ఇంకా తెరవలేదు కదా అని. "ఇక నిచ్చెన ఆఖరి మెట్టే" అని మా ఏజెంటు జోకు కూడా వేశాడు.

మన వలల వీధి పెట్టె నా కళ్ళ ముందే బోర్లించారు. కాగితాలు విడదీసి కట్టలు కడుతున్నారు. లారీల ఆయన కట్ట పెరుగుతూ పోతోంది, నాది పెరగడం లేదు. పొరపాటున అటు పెడుతున్నారేమోనని లేచి వెళ్ళి చూశాను. పొరపాటేమీ లేదు. శుభ్రంగా, గడి నడిమధ్యలో, ఒక్కటి కూడా తప్పిపోకుండా వేసిన ముద్రలు. నేను పుట్టిన వీధి, అక్కా. ఎవరెవరి చేతులు ఆ ముద్రలు వేసి ఉంటాయో ఊహించుకుంటూ అక్కడే నిలబడ్డాను. ప్రతి చెయ్యీ నాకు తెలిసినదే.

నేను కట్టించిన రాతి కట్ట మీద మన వైపు వాళ్ళకి కోపం ఉందని నాకు తెలియకపోలేదు. ఆ కోపం వరకు అర్థం చేసుకోగలను. అర్థం కానిది ఇంకొకటుంది. ఆ తరువాత పెద్ద రేవు పెట్టెలు తెరిచారు. కట్ట వల్ల బాగుపడినవాళ్ళు వాళ్ళు. పెద్ద పడవలు వచ్చాయి, అలల భయం పోయింది. వాళ్ళ పెట్టెల్లో కూడా అదే. వాళ్ళకి నేను ఏం అన్యాయం చేశానో ఇప్పటికీ తెలియదు.

ఇప్పుడు చెప్పు. అధికారి ముందు నిలబడి "వీళ్ళు నావాళ్ళు, వీళ్ళ తరఫున చెబుతున్నాను" అని ఏ మొహంతో అనను? ఆయన పాత లెక్కలు తీసి చూపిస్తే అక్కడే నవ్వుల పాలవుతాను. నీ వాదన కూడా నాతో పాటే పోతుంది. నేను రాకపోవడమే మీకు మంచిది.

నువ్వు ఎవరికి వేశావో నేను ఏనాడూ అడగలేదు. ఇప్పుడూ అడగడం లేదు.

తమ్ముడు.

*

వలల వీధి,
వానాకాలం.

తమ్ముడికి అక్క చెప్పి రాయించునది.

నువ్వు అడగకపోయినా చెబుతాను. నీకు వెయ్యలేదు. లారీల ఆయనకి వేశాను.

కోడలి కలం ఆగిపోయింది. రాయవే అన్నాను. తప్పు ఒప్పుకుంటున్నానని అనుకోకు, మళ్ళీ ఆ రోజు వస్తే మళ్ళీ అలాగే వేస్తాను.

కోపం ఉందని తెలుసన్నావు. కోపం కాదు. కట్ట కట్టించావు, సంతోషించాం, రాళ్ళు మోసిన వాళ్ళలో మీ బావ కూడా ఉన్నారు. కట్ట అటు ఇసుకని పట్టి ఉంచుతుంది, ఇటు ఇసుకని సముద్రం తీసుకుపోతుంది. అలా జరుగుతుందని నీకూ తెలియదు, మాకూ తెలియదు. తెలియక చేసినదానికి నిన్ను ఎవరూ అనలేదు. చేపలు ఎండబెట్టే మెరక పోయింది. తరువాత ముందు వరస ఇళ్ళు పోయాయి. మా ఇల్లు రెండో వరసది, ఇప్పుడది మొదటి వరస. అప్పుడు నీ దగ్గరికి వచ్చాం. వరండాలో కూర్చోబెట్టి టీ ఇప్పించావు. నీ సెక్రటరీ వచ్చి ఇంజనీర్లు ఏమన్నారో ఇంత పుస్తకం చూసి చదివాడు. నువ్వు బయటికొచ్చి "బాగున్నావా అక్కా" అన్నావు. బాగోలేమని చెప్పడానికే వచ్చామురా అని నేను నోరు తెరిచేలోపు కారెక్కావు. మళ్ళీ వచ్చాం. మళ్ళీ టీ. ఆ తరువాత వచ్చినప్పుడు వరండాలో కూర్చున్న ముసలమ్మ ఒకావిడ, "నాకు టీ వద్దు నాయనా, కడుపు నిండా ఉంది" అంది. అయినా ఇచ్చారు.

చదువుకున్నవాళ్ళయితే అర్జీలు రాస్తారు, పేపర్లకి రాస్తారు. మా చేతికి వచ్చే కాగితం అదొక్కటే, దాని మీద మేం రాయగలిగింది ఒక్క ముద్ర. అది నీకు రాసిన ఉత్తరంరా. శుభ్రంగా గడి నడిమధ్యలో ఉందన్నావే, అంత జాగ్రత్తగా వేశాం, నీకు బాగా కనపడాలని. అందింది కూడా. నువ్వు విప్పి చదవకుండా జేబులో పెట్టుకుని ఊరు వదిలి వెళ్ళిపోయావు.

పగ అనుకున్నావు. పగవాడి కోసం ఎవడైనా వేట మానుకుంటాడా? ఆ రోజు సముద్రం అద్దంలా ఉంది, అయినా ఒక్క పడవ దిగలేదు. అందరం స్నానాలు చేసి, ఉతికిన బట్టలు కట్టుకుని వరసలో నిలబడ్డాం. నీ నిచ్చెన బొమ్మ దాటి, అవతలి గడిలో ముద్ర వేశాను. నువ్వు ఓడిపోయావని రేడియోలో చెప్పినప్పుడు ఈ వీధిలో ఏ ఇంట్లోనూ పొయ్యి వెలగలేదు.

ఇక పెద్ద రేవు వాళ్ళ సంగతి. వాళ్ళకి నువ్వు ఏ అన్యాయమూ చెయ్యలేదు. మేం వెళ్ళి అడిగాం. నా కూతురి అత్తగారు వాళ్ళ వైపు ఆడవాళ్ళందరినీ పోగేసింది. "మా ఒడ్డున ఇసుక బాగానే ఉంది. మీ ఒడ్డున లేదు. ఆ ఒడ్డు ఈ ఒడ్డు అంటూ మేం ఎప్పుడు లెక్కపెట్టుకున్నాం?" అంది. కట్ట వల్ల నాలుగు రాళ్ళు వెనకేసుకుంటున్నవాళ్ళు, ఆ కట్ట కట్టించినవాణ్ణి మా కోసం దించేశారు. నువ్వు ఇన్నేళ్ళుగా అర్థం కాలేదన్నది ఇదే.

లారీల ఆయన చేసిందేమీ లేదు. తరువాత ఎన్నికలో ఆయన్నీ దింపాం. ఆ తరువాత వచ్చినవాడు భయపడ్డాడు. ఈ ఒడ్డు ఎవరినైనా దింపేస్తుందని వాడికి తెలిసింది. మన వైపు కూడా రాళ్ళు పోయించాడు, ఇసుక నిలబడింది. ఇవాళ నా ఇల్లు నిలబడిందంటే వాడి భయం మీద నిలబడింది. ఆ భయాన్నే ఇప్పుడు ఎర్ర గీత గీసి రెండు ముక్కలు చేస్తున్నారు. నాకు సీటు పేరు మీద మోజు లేదు. నా మనవల ఇల్లు మొదటి వరసలో ఉంది, అదీ నా బాధ.

నీకు చెప్పడానికి మొహం లేదన్నావు. నిన్ను ఓడించిన సంగతే చెప్పు. ఈ ఒడ్డంతా ఒకటేనని చెప్పడానికి నీకన్నా సాక్షి ఎవడు దొరుకుతాడు? విచారణ వచ్చే సోమవారం తరువాతి సోమవారం. వస్తే రా. రాకపోతే నేనే వెళ్ళి చెబుతాను, నాకు రాయడం రాదు గాని నోరుంది.

అక్క.

*

కూతురి ఇల్లు,
వాన తెరిపిచ్చిన రోజు.

అక్కకి నమస్కారాలు.

క్షేమంగా చేరాను. నీ ఉత్తరానికి జవాబు రాయకుండా ఏకంగా విచారణకే వచ్చేశాను, నువ్వు నన్ను చూసి కూడా పలకరించలేదు. "ముందు చెప్పాల్సింది చెప్పిరా" అన్నట్టు గడ్డంతో అటు చూపించావు. హాల్లో మైకు గరగరలాడి వెనక కూర్చున్న మీకెవరికీ ఏమీ వినపడలేదన్నావు. మాట ఇచ్చినట్టే రాస్తున్నాను, కోడలు చదివి వినిపిస్తుంది.

అధికారి వయసులో చిన్నవాడే, నెమ్మదస్తుడు. "మీరు రెండుసార్లు గెలిచిన సీటు. ఆ అభిమానంతో మాట్లాడుతున్నారనుకోవచ్చా?" అని అడిగాడు.

"గెలిచినందుకు రాలేదండీ. ఓడినందుకు వచ్చాను" అన్నాను.

అప్పుడు పట్నం వాళ్ళ లాయరు లేచాడు. "కట్ట వచ్చాక అటువాళ్ళ లాభం వేరు, ఇటువాళ్ళ నష్టం వేరు. అందుకే గీత అక్కడ గీశారు. ఆ సంగతి కట్ట కట్టించిన మీకే బాగా తెలియాలి" అన్నాడు. మంచి ప్రశ్నే. నేను లాయరునైతే నేనూ అదే అడిగేవాణ్ణి.

"లాభం వేరు, నష్టం వేరు. నిజమే. కాని లాభపడినవాళ్ళు నష్టపడినవాళ్ళతో కలిసి నన్ను ఓడించారు. పాత లెక్కలు మీ దగ్గరే ఉంటాయి, రెండు వైపుల పెట్టెలూ తీసి చూడండి. అంత మంచి కట్ట కట్టించినా వాళ్ళని విడదీయలేకపోయాను. మీరు గీతతో విడదీస్తే అది న్యాయం కాదు" అన్నాను.

అధికారి మంచినీళ్ళు ఇప్పించాడు. ఏమీ తేల్చలేదు, రాసుకున్నాడు, అంతే.

ఆ తరువాత సంగతులు నీకు తెలిసినవే అయినా నాకు రాసుకోవాలని ఉంది. చెప్పులు చేత్తో పట్టుకుని వీధిలోకి వస్తుంటే, అరుగు మీద వల అల్లుతున్న ముసలాయన తల ఎత్తకుండానే, "ఏం నిచ్చెనా, దిగడానికి ఇంతసేపు పట్టిందా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఈ వీధిలో నవ్వి ఎన్నాళ్ళైందో. మీ ఇంటి గుమ్మంలో నిలబడి చూస్తే ఎదురుగా ఇల్లు లేదు, నీళ్ళే ఉన్నాయి. మొదటి వరస అని నువ్వు రాయించినప్పుడు చదివాను గాని, చూసేదాకా అర్థం కాలేదు. నువ్వు లోపలి నుంచి టీ తెచ్చి చేతికిచ్చావు, ఎదురుగా కూర్చుని నేను తాగేదాకా చూశావు. ఎందుకిచ్చావో తెలుసు. ఆఖరి చుక్కదాకా తాగాను.

ఇక్కడికి వచ్చాక ఒక పని చేశాను. ఇక్కడున్న నా ఓటు తీయించి మన వీధికి మార్చమని దరఖాస్తు పెట్టాను. చిరునామా మీ ఇంటిదే ఇచ్చాను, నిన్ను అడగకుండా. అమ్మాయి కోప్పడింది. నువ్వూ కోప్పడు.

తమ్ముడు.

*

వలల వీధి,
చలి మొదలైంది.

తమ్ముడికి అక్క ఆశీస్సులు.

కోప్పడతాను, ఉండు. ముందు మంచి మాట.

ఆర్డరు వచ్చింది. గుమాస్తా స్వయంగా వీధికి వచ్చి చెప్పి వెళ్ళాడు. గీత కట్ట దగ్గర లేదు. పెద్ద రేవూ మనమూ, ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒడ్డంతా, ఒకే సీటులో ఉంచారు. పట్నం పోయింది. మిగతా మెట్ట ఊళ్ళు కూడా మనతో కలిశాయి. సీటుకి వాళ్ళ ఊరి పేరే పెట్టారు, రేవు అనే మాట ఎక్కడా లేదు. కోడలు రెండుసార్లు చదివి వెతికింది. వీధిలో కుర్రాళ్ళు పేరు పోయిందని మొహాలు వేలాడేసుకున్నారు. పేరు నాకూ ఇష్టమే. మొన్న వంట చేస్తూ చేస్తూ ఉప్పు కొటారు ఆయన, ప్లీడరు గారు, నువ్వు, లారీల ఆయన, అందరూ గుర్తొచ్చి కాసేపు అలాగే కూర్చున్నాను. రేవు సీటు సభ్యుడు అని మీరందరూ అనిపించుకున్నారు, ఇక ఎవరూ అనిపించుకోరు. పోనీలే. మనుషులం ఒక్కచోట ఉన్నాం. కొత్త సభ్యుడు ఎవడో గాని, వాడికి భయం నేర్పడానికి సరిపోతాం.

ఇప్పుడు నీ సంగతి. నీ దరఖాస్తు చూసుకుని విచారించడానికి నిన్న ఒకాయన వచ్చాడు. చేతిలో నీ ఫోటో ఉంది.

"ఈయన ఈ ఇంట్లో ఉంటున్నారా?" అన్నాడు.

"ఉంటున్నాడు" అన్నాను.

"ఏరీ?"

"బయటికి వెళ్ళాడు."

"ఎప్పుడొస్తారు?"

పక్కింటివాళ్ళు, అరుగుల మీద కూర్చున్నవాళ్ళు, అంతా నా నోటి వంకే చూస్తున్నారు. ఒక్కళ్ళు నవ్వలేదు, ఒక్కళ్ళు కాదనలేదు.

"వస్తాడు. వీధి దారి తెలిసినవాడే" అన్నాను.

ఆయన కలం మూసి, నెల తిరగ్గానే మళ్ళీ వస్తానని, మనిషి కనపడకపోతే ఓటు కొట్టేస్తానని చెప్పి వెళ్ళాడు. ఈ వయసులో, ఇంతమంది ముందు, నాతో అబద్ధమాడించావు. మేం వలలు పెట్టుకునే బయటి గదిని నీకోసం ఖాళీ చేయించి సున్నం కొట్టించాను. ఆయన వచ్చేలోపు నువ్వు వచ్చి ఆ అబద్ధాన్ని నిజం చెయ్యి.

అక్క.